ప్రాజెక్టు కొనకండి, ఒక స్టాండ్ చేయించండి

ఫైనలియర్‌లో ఉన్నారా? అయితే ‘ప్రాజెక్టు రెడీ, రిపోర్టుతో సహా’ అనే మెసేజ్ ఈపాటికి మీ ఫోన్‌కి వచ్చే ఉంటుంది. నలుగురు కలిసి డబ్బులేసుకుంటే పనైపోతుంది. వైవాలో కూడా గట్టెక్కేస్తారు. చిక్కంతా ఆ తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో వస్తుంది. ‘ఈ కొలత ఇంతే ఎందుకు పెట్టారు?’ అని ఒక్క మాట అడిగితే, కొన్న ప్రాజెక్టులో దానికి జవాబుండదు.

దానికి బదులు నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో ఉంటూనే చేయగలిగిన పని ఒకటి చెప్తాను. ఇంట్లో పెట్టుకునే ఉప్పునీటి అక్వేరియానికి స్టాండ్ డిజైన్ చేసి, దగ్గరుండి చేయించండి. ‘ఓస్, ఇనప బల్లే కదా’ అనుకోకండి. ఇంతకంటే గొప్పగా కనిపించే ప్రాజెక్టులు చాలా ఉన్నాయి గానీ, ఇంతగా నిలదీసేవి తక్కువ.

సముద్రం లేని పల్నాడులో ఉప్పునీటి చేపలేంటి అంటారా? ఆ నీళ్లు ఇంట్లోనే కలుపుకుంటారు, లీటరుకు సుమారు 35 గ్రాముల అక్వేరియం ఉప్పు చొప్పున. (ఆ మాటకొస్తే మన కాళ్ల కింద ఉన్న నాపరాయి కూడా కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నదే.) చేపలు పెంచే ఓపిక మీకు లేకపోయినా ఫర్వాలేదు, మనకు కావాల్సింది ఆ బరువు.

లెక్క మొదలుపెట్టండి. తొట్టి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అనుకుందాం. 120, 60, 60 సెంటీమీటర్లు గుణిస్తే 432 లీటర్లు. ఉప్పునీరు మంచినీటి కంటే కాస్త బరువు, లీటరుకు 1.025 కిలోలు. అంటే నిండుగా నీళ్లే 443 కిలోలు. 12 మి.మీ. అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది, ఐదు పలకలకు 86 కిలోలు. ఇసుక, రాళ్లు కలిపితే మొత్తం 600 కిలోల దగ్గర ఆగుతుంది. స్టాండ్ లోపల నీళ్లు వడపోసే సంప్ తొట్టి ఇంకా దీనికి అదనం. ఈ బరువు పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి అలాగే కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు వెల్డింగ్ షాపుకెళ్లి అడగండి. ‘40 బై 40 స్క్వేర్ పైపు, 2 ఎంఎం మందం, నాలుగు కాళ్లు. ఏనుగెక్కినా ఏం కాదు’ అంటాడు మేస్త్రీ. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ముందూ వెనకా ఉన్న రెండు పొడుగు పైపులు చెరో 300 కిలోలు మోస్తే, పైపులో పుట్టే ఒత్తిడి 120 మెగాపాస్కల్స్. ఆ ఇనుము కనీసం 210 దాకా ఆగుతుంది. పైపు విరగదు, సరే. మరి ఎంత కుంగుతుంది?

సెకండియర్‌లో బట్టీ పట్టిన 5/384 సూత్రం గుర్తుందా? పైపు చివర్లు రెండూ ఊరికే ఆని ఉన్నాయనుకుని అందులో ఈ అంకెలు వేయండి. నడుమ 4.5 మి.మీ. కుంగుతుందని వస్తుంది. పైన బట్టల మూట ఉంటే ఆ కుంగు ఎవరికీ పట్టదు. అద్దం అలా కాదు, అది వంగదు. అడుగు పలకకు నడుమ ఆనిక పోతే ఒకరోజు మూల దగ్గర సిలికాన్ విడుస్తుంది, లేదా పలకే చిట్లుతుంది. అప్పుడు 400 లీటర్ల ఉప్పునీరు హాల్లో ఉంటుంది. గట్టిదనం వేరు, బిగువు వేరు అని పుస్తకంలో చదివినప్పుడు ఎక్కని విషయం ఇక్కడ ఎక్కుతుంది.

పరిష్కారం ఒకటే ఉండదు, అసలు డిజైన్ అక్కడే మొదలవుతుంది. పొడుగు పైపు నడుమ ఒక కాలు పెడితే ఆనికల మధ్య దూరం సగమవుతుంది, కుంగు పదహారో వంతుకు, అంటే 0.3 మి.మీ.కి పడిపోతుంది. కానీ ముందువైపు ఆ కాలు అడ్డుగా ఉంటే సంప్ తొట్టిని లోపలికి ఎలా తోస్తారు? కాలు వద్దనుకుంటే 80 బై 40 పైపు, 3 మి.మీ. మందంలో తీసుకోండి. నిలువుగా వాడితే 0.6 మి.మీ., అదే పైపు పడుకోబెడితే 1.8. ఇనుము అంతే, ఖర్చూ అంతే, తిప్పి పెట్టినందుకు మూడు రెట్ల తేడా. మీరు ఏది ఎంచుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలగాలి.

కాళ్లు ఎక్కడ తగులుతాయన్నది కూడా అడుగుతారు. పై ఫ్రేము కాళ్ల నెత్తిన కూర్చోవాలి. కాళ్ల పక్కన అతికించి వదిలేస్తే మొత్తం బరువు వెల్డింగ్ మీద వేలాడుతుంది. పక్కకు ఊగకుండా వెనకవైపు ఒక ఐమూల పట్టీ వేయండి. నేల సంగతి కూడా చూడాలి. ఇళ్ల శ్లాబుకు ఐఎస్ 875 రెండో భాగం చెప్పే వాడకపు బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. మన తొట్టి కింద అది 800 దాటుతుంది. గది మొత్తం అలా నింపం కాబట్టి శ్లాబు కూలిపోతుందని కాదు, కానీ మేడ మీదైతే నడి గదిలో కాకుండా బీము పక్కన, గోడ వారగా పెట్టాలి. కింద నాపరాళ్లు పరిచి ఉంటే ప్రతి కాలికీ 100 మి.మీ. చదరపు ప్లేటు వేయించండి. లేదంటే, అడుగున గుల్ల ఉన్న చోట రాయి పగులుతుంది.

ఉప్పు చేసే పని ఇంకోటి ఉంది. చుక్క కారుతుంది, నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. మళ్లీ చుక్క. మామూలు ఇనుముకు ఇది చెదలాంటిది. పైపు చివర్లు మూయించండి, వెల్డింగ్ గరుకు గీకించి, ప్రైమర్ మీద ఎపాక్సీ పెయింట్ వేయించండి. ‘స్టెయిన్‌లెస్ పెడితే పోలా’ అంటారు కొందరు. 304 రకానికి ఉప్పులోని క్లోరైడ్ వల్ల సన్నటి గుంటలు పడతాయి, 316 మెరుగు, ధరా ఎక్కువే. పైన చెక్క వేస్తే ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ అడగండి. పార్టికల్ బోర్డు తడిస్తే ఉబ్బుతుంది.

పరీక్ష మాత్రం పల్నాడులో తేలిక. సిమెంటు బస్తా 50 కిలోలు, పన్నెండు బస్తాలంటే సరిగ్గా 600. స్టాండ్ కింద చెక్క దిమ్మలు భద్రంగా పెట్టి, పైన ప్లైవుడ్ వేసి, బస్తాలు ఒక్కొక్కటే పేర్చండి. పొడుగు పైపు వెంట దారం బిగించి నడుమ ఎంత దిగిందో కొలవండి, కాలేజీ వర్క్‌షాపులో డయల్ గేజ్ ఇస్తే ఇంకా మంచిది. మీ లెక్కకూ కొలతకూ తేడా వస్తుంది, రానివ్వండి. వెల్డ్ చేసిన మూలలు సూత్రంలోని చివర్లలా స్వేచ్ఛగా తిరగవు, బస్తాలు కూడా బరువును నీళ్లంత సమానంగా పంచవు. ఆ తేడాకు కారణం రాసుకోండి. నన్నడిగితే రిపోర్టు మొత్తంలో చదవదగ్గ పేజీ అదే.

డబ్బు లెక్క కూడా మీరే వేయండి. ఆరు కాళ్ల 40 బై 40 స్టాండుకు దాదాపు 13 మీటర్ల పైపు, మీటరుకు 2.3 కిలోల చొప్పున 30 కిలోలు. పైపు 6 మీటర్ల పొడవున అమ్ముతారు కాబట్టి మూడు కొనాలి, అయిదు మీటర్లు మిగులుతుంది. కొలతలు కాస్త మార్చి రెండింటిలో సర్దగలరా? కాగితం మీద గీసి చూడండి, అనుకున్నంత సులువు కాదు. ఆ రోజు ఇనుము ధర, మేస్త్రీ కూలి, పెయింటు, ఆటో కిరాయి కలిపితే ఎస్టిమేట్. ఈ ఎస్టిమేట్ వేయడం రాని ఇంజినీర్లు చాలామంది ఉన్నారు.

మెకానికల్, సివిల్ వాళ్లకే ఇదంతా అనుకోనక్కర్లేదు. వెల్డర్ ట్రేడు ఐటీఐ కుర్రాడు, డిప్లొమా అమ్మాయి, డిగ్రీ బీఎస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లు, అందరికీ సరిపడా పని ఉంది. కంప్యూటర్స్ వాళ్లు నీటిమట్టం, లీకేజీ చూసే సెన్సర్ పెట్టొచ్చు, కాకపోతే స్టాండ్ నిలబడ్డాకే. ఒక్క జాగ్రత్త: తొట్టి నిజంగానే పెడితే పగడాల జోలికి పోకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత జీవులు.

రెజ్యూమెలో దీనికి రెండు లైన్లు చాలు: ‘600 కిలోల బరువుకు స్టాండ్ డిజైన్ చేసి చేయించాను. లెక్క ప్రకారం కుంగు ఇంత, కొలిచింది ఇంత.’ ఇంటర్వ్యూకి ఒక డ్రాయింగ్ షీటు, పన్నెండు బస్తాలతో తీసిన ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. ముందు మాత్రం ఈ ఆదివారం ఒక టేపు, మూలమట్టం, రసమట్టం పట్టుకుని వెల్డింగ్ షాపుకు వెళ్లి, 40 బై 40 పైపు గోడ మందం నిజంగా 2 మి.మీ. ఉందో లేదో వెర్నియర్‌తో చూసి రండి. తక్కువుంటే పైన చెప్పిన లెక్కంతా మళ్లీ వేయాలి.