కలానికి హద్దు ఉంది, దారీ ఉంది

చిత్తూరు ప్రాంతం నుండి ఒక సోదరి మాకు లేఖ రాశారు. వయసు ముప్పై అయిదు దాటిందట. పిల్లలు బడికి వెళ్లాక దొరికే గంటన్నరలో బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నారు. మొదట పెన్సిల్, తరువాత నీటిరంగులు, ఇప్పుడు గుడ్డ మీద కలంకారీ. అత్తగారు రంగుల పెట్టెను అటక మీదికి ఎక్కించారు. "చిత్రాలు గీసేవారికి కఠిన శిక్ష ఉందని విన్నాను, మన ఇంట్లో ఈ పని వద్దు" అన్నారట. భర్త ఎటూ చెప్పలేక మౌనం వహించారు. "ఇది పాపమా? నేను మానివేయాలా?" అన్నది ఆ సోదరి ప్రశ్న. ఇటువంటి ప్రశ్న ఇతర కుటుంబాల నుండి కూడా వస్తూ ఉంటుంది గనుక ఈ నెల దీనినే తీసుకుంటున్నాము.

ముందుగా ఒక మాట. ఆ అత్తగారి అభ్యంతరాన్ని తేలికగా కొట్టివేయకూడదు. ప్రాణుల రూపాలను సృష్టించేవారి విషయంలో దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికలు ప్రామాణిక హదీసు గ్రంథాలలో ఉన్నాయి. ఆ పెద్దావిడ మాట దైవభీతి నుండి పుట్టింది. అయితే సగం విని ఆగిపోతే ధర్మం కూడా సగమే తెలుస్తుంది.

బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఒక సంఘటన ఉంది. ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సన్నిధికి వచ్చి, తన జీవనోపాధి చేతిపనేనని, తాను చిత్రాలు చేస్తానని చెప్పుకున్నాడు. ఆయన ముందు ప్రవక్త (స) హెచ్చరికను వినిపించారు. విన్న మనిషి ముఖం పాలిపోయింది. అది చూసి ఆయన, ఈ పని చేయక తప్పదనుకుంటే చెట్లను, రూహ్ లేని వస్తువులను చిత్రించుకోమని సలహా ఇచ్చారు. ఒక తలుపు మూసిన ఆ మహనీయుడు మనిషిని వీధిలో నిలబెట్టి వెళ్లిపోలేదు. మరో తలుపు తెరిచి చూపారు. పెద్దరికం అంటే ఇదే. ఇంట్లో పెద్దలు "వద్దు" అన్న ప్రతిచోటా "ఇది చేయి" అన్న మాట కూడా ఉండాలి.

తెరిచిన ఆ తలుపు వెనుక ఉన్నది ఇరుకు గది కాదు. తిరుపతిలో ఉన్నవారికి శేషాచలం కొండలు ఉదయం ఒక రంగులో, సాయంత్రం మరొక రంగులో కనిపిస్తాయి. చిత్తూరు మామిడితోటలు, తలకోన జలపాతం, హార్స్‌లీ కొండల మీది మంచు ఒక జీవితకాలపు అభ్యాసానికి సరిపోతాయి. పూలతీగెలు, రేఖాగణిత అల్లికలు వీటికి అదనం. అన్నిటికీ మించి అక్షరం ఉంది. దివ్యఖుర్ఆన్ తొలి అవతరణలోనే కలం ప్రస్తావన వచ్చింది. ఒక సూరా పేరే 'అల్ ఖలమ్'. బాగ్దాదులో మంత్రిగా పనిచేసి 940లో మరణించిన ఇబ్నె ముఖ్లా, కలం మొన వేసే చుక్కనే కొలబద్దగా తీసుకుని అరబీ అక్షరాలకు ప్రమాణం ఏర్పరిచాడు. రాజకీయ కక్షలలో అతని కుడిచేయి నరికివేయబడింది. ఆ తరువాత మొండిచేతికి కలం కట్టుకుని రాశాడని చరిత్రకారులు చెబుతారు. మన పాత మదర్సాలలో పిల్లలు తఖ్తీకి మట్టి పూసి, ఆరబెట్టి, రెల్లు కలంతో రాసి, మళ్లీ కడిగేవారు. నిన్నటి రాత ఎంత అందంగా ఉన్నా ఈ రోజు కడిగివేయవలసిందే. అందుచేత చేతికి నేర్పు వచ్చేది, మనసుకు గర్వం రాకుండా ఉండేది.

ఇక ఆ సోదరి నేర్చుకుంటున్న కలంకారీ సంగతి. ఈ పేరు పారసీ భాష నుండి వచ్చింది. కలంతో చేసే పని అని అర్థం. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దిన పూలతీగెల వస్త్రాలు గోల్కొండ నవాబుల కాలంలో పర్షియా దాకా వెళ్లాయి. మన శ్రీకాళహస్తిలో మాత్రం కలంతోనే గీస్తారు. అక్కడ ఈ విద్య క్షీణిస్తున్న దశలో 1950ల చివర శిక్షణ కేంద్రం వెలసింది. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. శ్రీకాళహస్తి వస్త్రాలపై ఎక్కువగా ఉండేవి పురాణగాథలు. అవి మన మార్గం కాదు. కానీ కలం, గుడ్డ, రంగు ఏ మతానికీ సొంతం కావు. చెట్టు, తీగె, పువ్వు గీయడానికి కూడా అవే సాధనాలు.

ఆ పనిలోని క్రమం గమనించదగినది. నూలుగుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు చెదరదు. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో మొదటి గీత గీస్తారు. ఇనుపముక్కలు, బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టిన కసిమి, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటికనీరు పూస్తారు. అప్పటికి అక్కడ ఎరుపు కనిపించదు. ఎర్రరంగు వేళ్లతో, చెక్కతో ఉడికించిన తరువాతే ఎరుపు పైకి వస్తుంది. మన సంకల్పం కూడా అంతే. పని చేసేటప్పుడు కనబడదు, వేడి తగిలినప్పుడు బయటపడుతుంది.

నేర్చుకునేవారికి ఒక సూచన. ఒక్కో సాధనానికి ఒక్కో మర్యాద ఉంది. పెన్సిల్ తప్పును చెరపనిస్తుంది. నీటిరంగు చెరపనివ్వదు, వెలుగు ఉండవలసిన చోట కాగితాన్ని ముందే తెల్లగా వదలాలి. నూనెరంగు ఆరడానికి రోజులు పడుతుంది గనుక దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. సిరా ఒక్కసారే మాట్లాడుతుంది. అన్నింటినీ ఒకేసారి కొనవద్దు. ఒకే మామిడి కొమ్మను పెన్సిల్‌తో, బొగ్గుతో, నీటిరంగుతో, చివరకు కలంతో గీయండి. నాలుగు సాధనాలు నాలుగు పాఠాలు నేర్పుతాయి. ఖర్చూ అదుపులో ఉంటుంది.

ఆలస్యమైందని దిగులు వద్దు. 1919లో మదనపల్లెకు వచ్చి, జనగణమనకు ఆంగ్లానువాదం అక్కడే రాసిన రవీంద్రనాథ ఠాగూర్‌కు అప్పటికి చిత్రకారుడిగా పేరు లేదు. రాతప్రతులలో కొట్టివేసిన మాటలను ఆకారాలుగా మలుస్తూ, అరవై దాటాక ఆయన చిత్రలేఖనంలోకి దిగారు. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది.

కనుక సోదరీ, పాపమని మానివేయవలసిన పని లేదు. హద్దులో ఉంచుకోవలసిన పని ఉంది. నమాజు వేళ, పిల్లల హక్కు, ఇంటి ఖర్చు ఈ మూడింటినీ రంగు తినివేయకూడదు. మీ అత్తగారికి వాదించి చెప్పకండి. ఇబ్నె అబ్బాస్ (రజి) సంఘటన చదివి వినిపించండి. మీ భర్తకు మా మనవి: తల్లికీ భార్యకూ మధ్య మౌనం న్యాయం కాదు. పెట్టెను అటక మీది నుండి దించవలసినది మీరే. అమ్మగారి అనుమతి అడిగి, ఆమె ముందే దించండి. చదువు, ఫోటోలు, వృత్తి వంటి సూక్ష్మ విషయాలలో మీ ఊరి ఉలమాను సంప్రదించండి.

కలంతో నేర్పిన ప్రభువు మన చేతులకు నేర్పును, కళ్లకు లజ్జను, ఇళ్లకు సామరస్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.