చాకుకు మెరుపు కాదు, పదును ముఖ్యం

సంతలో చాకు కొనేటప్పుడు మనవాళ్లు ముందు చూసేది మెరుపు. తళతళలాడితే మంచిది, నల్లగా ఉంటే నాసిరకం అనుకుంటారు. తీరా ఇంటికి తెచ్చాక, నెల తిరక్కముందే ఆ తళతళలాడే చాకు యూరియా బస్తా కుట్టుదారం కూడా తెంపలేక మొరాయిస్తుంది. దాన్ని ఓ మూలన పడేసి మళ్లీ సంతకు పోతారు. మళ్లీ మెరిసేదే తెస్తారు.

రైతు జేబులో చాకు చిన్న వస్తువే. కాని రోజుకు పది పనులకు అదే కావాలి. బస్తా మూతి విప్పాలన్నా, డ్రిప్పు పైపు కొయ్యాలన్నా, పందిరికి కట్టిన పురికొస తెంపాలన్నా, మామిడికి అంటు కట్టాలన్నా చెయ్యి జేబులోకే పోతుంది. అందుకే ఏ ఉక్కు చాకు కొనాలనేది కాస్త ఆలోచించాల్సిన సంగతే. మా అభిప్రాయం ముందే చెప్తున్నాం. ఒక్కటే చాకు పెట్టుకునే చిన్న రైతుకు, తెలిసిన కమ్మరి చేతిలో సరిగ్గా కాగిన నల్ల ఉక్కు చాకే మేలు. నిమ్మ, బత్తాయి తోటలవాళ్లకు మాత్రం స్టెయిన్‌లెస్ కావాలి. అదీ రకం చూసి కొనాలి.

రెండింటికీ తేడా ఏమిటి?

మనం ఇనుప చాకు అనేది నిజానికి ఉత్త ఇనుము కాదు, ఉక్కు. ఇనుములో కొద్దిగా కార్బన్ కలిస్తే ఉక్కవుతుంది. చాకులకు పనికొచ్చే నల్ల ఉక్కులో కార్బన్ సుమారు అర శాతం నుంచి 1 శాతం దాకా ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే అలుగు గట్టిపడేది దీనివల్లనే.

స్టెయిన్‌లెస్‌లో దీనికి తోడు కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగిలి పైన కంటికి కనపడని పలచని పొర కడుతుంది. ఆ పొరే తుప్పును ఆపుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913లో ఇలాంటి ఉక్కు తయారు చేశాకే తుప్పు పట్టని కత్తులు బజారుకు వచ్చాయి.

అయితే స్టెయిన్‌లెస్ అంతా ఒకటి కాదు. మంచిరకం స్టీలు పళ్లాల్లో 18 శాతం దాకా క్రోమియం, 8 శాతం దాకా నికెల్ ఉంటాయి. అది తుప్పు పట్టదు. కాని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. గిన్నెకు మంచిదే, చాకుకు పనికిరాదు. చాకులకు వాడే స్టెయిన్‌లెస్ రకాలు వేరే ఉన్నాయి. వాటిలో 420 రకంలో కార్బన్ తక్కువ, అందుకే తొందరగా మొద్దుబారుతుంది. 440-సి రకంలో కార్బన్ 1 శాతం దాకా ఉంటుంది. అంచు బాగా నిలుస్తుంది కాని ఒకసారి మొద్దుబారితే ఇంటి దగ్గర సానరాయి మీద పదును ఎక్కించడం కష్టం. నల్ల ఉక్కుకు ఆ బాధ లేదు. నాలుగుసార్లు రాయి మీద అటూ ఇటూ నూరితే మళ్లీ పదును వస్తుంది.

తుప్పుకు భయపడాలా?

నల్ల ఉక్కుకు ఉన్న లోపం తుప్పు. కాదనలేం. చెమట తగిలినా, వానకు తడిసినా, ఎరువుల బస్తా పక్కన పెట్టినా ఎర్రబారుతుంది. కాని పని కాగానే గుడ్డతో తుడిచి, సాయంత్రం ఒక చుక్క కొబ్బరి నూనె రాస్తే చాలు. మడత దగ్గర కుట్టుమిషను నూనె ఒక చుక్క వెయ్యాలి. వాడగా వాడగా అలుగు మీద నల్లటి, బూడిదరంగు మచ్చలు వస్తాయి. అది చెడు కాదు, తుప్పును కొంత ఆపుతుంది. ఎర్రటి పొడి రాలితేనే రుద్ది శుభ్రం చెయ్యాలి.

తుప్పు కత్తి గీరుకుంటేనే ధనుర్వాతం వస్తుందని చాలామంది నమ్మకం. ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉండేది మట్టిలో, పేడలో. తళతళలాడే చాకుతో తెగినా గాయంలోకి మట్టి చేరితే ప్రమాదమే. ఏ చాకుతో తెగినా గాయం కడిగి ఆసుపత్రికి పోయి చూపించుకోవాలి, టీకా అవసరమా అని అడగాలి. అసలు చెయ్యి ఎక్కువగా తెగేది మొద్దు చాకుతోనే. అది తెగక బలం పెడతాం, జారి చేతిలో దిగుతుంది.

అంటు కట్టేవారు చూడాల్సింది

అంటు బతకాలంటే కోత నున్నగా ఉండాలి. మొద్దు చాకుతో కోస్తే బెరడు నలిగి, చీరుకుపోయి ఎండుతుంది. రెండు కొమ్మల పచ్చి పొరలు కలవవు. ఈ పనికి నల్ల ఉక్కు సన్నటి పదును బాగా కుదురుతుంది.

నిమ్మ, బత్తాయి సంగతి వేరు. వీటిలో ఎక్సోకార్టిస్ అనే తెగులు కత్తి ద్వారానే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకుతుంది. చెట్టు చెట్టుకూ చాకును బ్లీచింగ్ ద్రావణంలో ముంచాలి. ఆ ద్రావణం నల్ల ఉక్కును చూస్తుండగానే తినేస్తుంది. పైగా నిమ్మ పులుపు కూడా నల్ల ఉక్కుకు పడదు. అందుకని ఈ తోటలవాళ్లు, నర్సరీలవాళ్లు మంచి స్టెయిన్‌లెస్ చాకు వాడటమే మంచిది. దాన్ని కూడా ముంచాక మంచినీళ్లతో కడిగి తుడవాలి, లేకపోతే దానికీ గుంటలు పడతాయి.

కొనేముందు రెండు పరీక్షలు

మొదటిది అయస్కాంతం. అయస్కాంతం అంటకపోతేనే అసలైన స్టీలు అని గిన్నెల కొట్లో చెప్తారు. చాకు విషయంలో ఇది తలకిందులు. అలుగుకు అయస్కాంతం అంటకపోతే అది గిన్నె ఉక్కు, పదును నిలవదు. కొనవద్దు.

రెండోది ఆకురాయి. అలుగు అంచు పక్కన మెల్లగా గీస్తే ఆకురాయి జారిపోవాలి. మెత్తగా కొరికిందంటే ఆ అలుగు సరిగ్గా కాగలేదని అర్థం. స్టెయిన్‌లెస్ అయినా, నల్ల ఉక్కు అయినా ఇంతే.

ఇంకొక్క మాట. కరెంటు సాన మీద ఒత్తిపట్టి నూరితే అంచు నీలం రంగు తిరుగుతుంది. అక్కడితో ఆ అంచు గట్టిదనం పోయినట్టే. మధ్య మధ్య నీళ్లలో ముంచుతూ నూరమని సానవాడికి చెప్పాలి.

కమ్మరి కొలిమి బతకాలి

మంచి నల్ల ఉక్కు చాకు కావాలంటే ఊళ్లో కొలిమి ఉండాలి. లారీ కమాను పట్టీలు, అరిగిపోయిన ఆకురాళ్లు మంచి కార్బన్ ఉన్న ఉక్కులు. స్లాబు చువ్వ ముక్కతో చేసిన చాకు మాత్రం గట్టిపడదు. కమ్మరి దగ్గరకు పోయినప్పుడు ఏ ముక్కతో చేస్తున్నావని అడగడం తప్పు కాదు.

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు కరిగించేవారు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. అక్కడి కొలుములు చూసి హెన్రీ వోయ్సీ రాసిన వివరం 1832లో అచ్చయింది. అంతటి ఉక్కు పుట్టిన నేల మీద ఇవాళ రైతు, రకం పేరు కూడా లేని రేకు చాకు కొనుక్కోవడం చిన్నతనంగా లేదూ?

కేంద్రం 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 చేతివృత్తుల్లో కమ్మరం ఒకటి. శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15 వేల రూపాయల సాయం ఇందులో ఉన్నాయి. ఆ శిక్షణలో ఉక్కు గుర్తుపట్టడం, కాల్చి చల్లార్చే పద్ధతి రైతు పనిముట్ల మీదే నేర్పాలి. చాకు అలుగు మీద ఉక్కు రకం అచ్చు వెయ్యాలనే నిబంధన కూడా ప్రభుత్వం తేవాలి. విత్తనం సంచి మీద రకం పేరు చూసే కొంటున్నాం. చాకుకు మాత్రం ఎందుకు వద్దు?

ఇవన్నీ జరిగేదాకా రైతు సోదరులు చెయ్యగలిగింది ఒకటుంది. ఈసారి సంతకు పోయేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం ముక్క, ఒక పాత ఆకురాయి వేసుకుపోండి. అమ్మేవాడు ఏమన్నా అనుకోనీ, పరీక్షించాకే డబ్బులు తియ్యండి.