గీత నేర్పని బడి, గీత అడిగే పరీక్ష

విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బీఆర్క్ చదవాలంటే జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ రాయాలి. అందులో 400 మార్కులకు 100 చిత్రలేఖనానివి. ‘నాటా’లోనైతే 200కు 80. పెన్సిల్‌కు చేయి అలవాటు పడటం ఇంటర్ చివరి రెండు నెలల్లో జరిగే పని కాదు, హైస్కూల్లోనే మొదలుకావాలి. డ్రాయింగ్ మాస్టారు లేని ప్రభుత్వ బడిలో ఆ పీరియడ్ లెక్కలకు పోతుంది. ఇక మిగిలింది నగరంలో కోచింగ్. ఆ ఫీజు కట్టగలిగే ఇళ్లు ఎక్కువగా ఏ కులాలవో ఈ పేజీ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ నేలపై రాయి కొట్టినవారు వడ్డెరలు, ద్వారబంధం చెక్కినవారు విశ్వబ్రాహ్మణులు. రసమట్టం, తూకపు గుండు చూస్తూ పెరిగిన మేస్త్రీ బిడ్డకు గోడ నిలువు తెలుసు. ఆ తెలివిని కాగితంపై పెట్టే పద్ధతిని బడి నేర్పలేదు. కులవృత్తుల పిల్లలకే ఈ చదువు దక్కాలని నేను వాదించడం లేదు; ఆ వాదన మనువుకే పనికొస్తుంది. ఇటుకలు మోసిన దళిత కూలీ కూతురికీ అదే పెన్సిల్ అందాలి. సీటుకు రిజర్వేషన్ ఉంది, సన్నద్ధతకు లేదు. ప్రభుత్వ బడుల్లో, గురుకులాల్లో ఎనిమిదో తరగతి నుంచే డ్రాయింగ్ ఉపాధ్యాయులను నియమించి, ఇంటర్ ఎంపీసీలో వారానికి రెండు గంటలు బొమ్మకు కేటాయించాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ అడుగుతున్నాను.