గోల్ఫ్ ట్రిప్పా? నీళ్లెక్కడివో చూడండి

మా టీమ్‌లో ఇద్దరికి గోల్ఫ్ పిచ్చి పట్టింది. గచ్చిబౌలిలో ఆఫీసు, దగ్గర్లోనే బౌల్డర్ హిల్స్. రోజూ అటు చూస్తుంటే ఎవరికైనా మనసైతది. ఇప్పుడు సెలవుపెట్టి ఫ్రాన్స్ సముద్రతీరంలో ఆడొస్తారట. "మామా, ఏ కోర్సులు పెట్టాలె?" అని నాకో ఎక్సెల్ షీటు పంపిండ్రు. ఫీజు, రేటింగ్, హోటల్ నుంచి దూరం అన్నీ ఉన్నాయి. నేను ఇంకో గడి కలిపాను: గడ్డికి నీళ్లెక్కడివి?

నల్లగొండోడికి ఆ డౌటు రాకుంటే ఇంకెవరికొస్తది? మునుగోడు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లం. పాలమూరులోనైతే వానల్లేక ఊళ్లకు ఊళ్లే వలసపోయినయ్. అన్నన్ని ఎకరాల పచ్చగడ్డి కనబడితే, ముందు మోటరెక్కడుందో వెతుకుతాం.

2022 ఎండాకాలంలో ఫ్రాన్స్‌కూ ఆ గతి పట్టింది. వందకు పైగా ఊళ్లలో తాగునీరు అడుగంటి ట్యాంకర్లు తిరిగాయి. అవును, ఫ్రాన్స్‌లో ట్యాంకర్లు! తోటలు తడపొద్దు, కార్లు కడగొద్దు అన్న చోట కూడా గోల్ఫ్ గ్రీన్స్‌కు మినహాయింపు ఇచ్చారు. గ్రీన్ అంటే హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి. మూడు రోజులు నీళ్లు లేకుంటే చచ్చిపోతుందని గోల్ఫ్ వాళ్ల వాదన. తులూజ్ దగ్గర కొందరు పోయి హోల్స్‌లో సిమెంటు పోశారు. ఆ పని నాకు నచ్చలేదు. కోపం మాత్రం బాగా అర్థమైంది.

అట్లని ఆట మానేయమనను. ఉత్తరాన లె టూకే ఊళ్లో 'లా మెర్' కోర్సు ఉంది. హ్యారీ కోల్ట్ డిజైన్, 1931 నాటిది, సముద్రపు ఇసుక దిబ్బల మీద. ఇలాంటి వాటిని లింక్స్ అంటారు. ఇసుకలో బతికే మొండి గడ్డి, వానకు బతికేస్తుంది. ఎండకు గోధుమరంగుకు తిరిగినా తప్పు కాదు, బంతి ఇంకా దూరం దొర్లుతుంది. ఇది చెప్తే మావోడు, "ఎండిన గడ్డి మీద ఆడనీకి ఫ్రాన్స్ దాకా ఎందుకురా, మా చెలక లేదా?" అన్నాడు. చెలకలో ఆ సముద్రపు గాలి ఉండదు కదా!

ఫొటోలే ముఖ్యమైతే నార్మండీలోని ఎత్రెతా. తెల్లటి సున్నపురాయి కొండ అంచున ఆట, కింద సముద్రం. కారు లేకుంటే బియారిట్జ్‌లోని 'ల ఫార్', ఊళ్లోనే, లైట్‌హౌస్ పక్కనే, 1888 నుంచి ఉంది. ఆ అట్లాంటిక్ తీరంలో వానలకు కొదవలేదు.

దక్షిణాన మధ్యధరా తీరం మాత్రం జూలై, ఆగస్టుల్లో వద్దని కొట్టేశాను. అక్కడి ఎండాకాలం మనదానికి తమ్ముడే. పోవాలంటే మేలో పోండి. సెయింట్-మాక్సిమ్ కోర్సులో శుద్ధిచేసిన మురుగునీళ్లు వాడతారు, దానికైతే నా ఓటు.

ఇంకొకటి. చాలా ఫ్రెంచ్ క్లబ్బుల్లో హ్యాండిక్యాప్ అడుగుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు టికెట్లకంటే ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి. ఆ మెయిల్‌లోనే నీళ్ల సంగతీ అడిగేయండి.