మీ మెరుపులు మీ ఇంట్లో పెట్టుకోండి!

మాది శ్రీకూర్మం. కూర్మనాథుడి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి. ఎప్పుడైనా వెళ్తే కాసేపు నిలబడి చూడండి. ఎవడో ఒకడు వంగి, దాని మొహానికి జానెడు దూరంలో కెమెరా పెట్టి ఫ్లాష్ కొడతాడు. తాబేలు తల లోపలికి లాక్కుంటుంది. "అరె, సరిగ్గా రాలేదే" అని వీడు ఇంకోటి కొడతాడు.

తాబేలుకి డొప్ప ఉంది కాబట్టి సరిపోయింది. భుజాల మీద బారు పెట్టుకుని నిలబడ్డ పదహారేళ్ళ పిల్లకి డొప్ప లేదు. ఈ టపా అంతా ఆ ఒక్క ముక్క చెప్పడానికే. మిగతాదంతా ఎందుకో, ఎలాగో వివరణ.

విషయానికొస్తే.. మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఒక జాతి ఉంది (నేనూ ఆ జాతివాడినే, రాళ్ళు వెయ్యకండి). మొదటి ఏడాది జీతంతో కెమెరా కొంటాం. రెండో ఏడాది బోనస్‌తో ఫ్లాష్ కొంటాం. మూడో ఏడాదికి రెండు స్టాండ్లు, రేడియో ట్రిగ్గరు, భుజాన పెద్ద బ్యాగు వచ్చేస్తాయి. ఆ తర్వాత వాటికి పని వెతుక్కుంటూ తిరుగుతాం. పెళ్ళిళ్ళు అయిపోయాక ఇండోర్ ఆటల మీద పడతాం. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు గంటల లెక్కన అద్దెకిచ్చే షటిల్ కోర్టుల్లో ఆఫీసుల మధ్య పోటీలు జరుగుతుంటాయి కదా, అక్కడ కోర్టుకో స్ట్రోబ్ వీరుడు తయారు. సర్వీసు వేసేవాడు షటిల్ వదిలేలోపు ఫట్‌మని మెరుపు. వాడు నెట్‌కి కొట్టుకుంటే అందరూ నవ్వుతారు. మనవాడు మాత్రం వెనక స్క్రీన్ చూసుకుంటూ "షార్ప్‌గా వచ్చింది మామా" అంటాడు.

అడిగితే మూడు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. ఒక్కోటీ చూద్దాం.

మొదటిది: "అమెరికాలో ఎన్‌బీఏ మ్యాచుల్లో వాడతారు కదా!"

వాడతారు, నిజమే. కానీ ఎక్కడ పెడతారు? స్టేడియం పైకప్పు కింద, ఎక్కడో చాలా ఎత్తున, మూలల్లో కట్టేస్తారు. కిందనున్న ఫొటోగ్రాఫర్ రేడియోతో పేలుస్తాడు. అసలే హాలంతా పట్టపగల్లా ఉంటుంది, ఆ వెలుగులో పైనుంచి పడే మెరుపు ఆటగాడికి పెద్దగా తెలియదు. మన హాలు ఎత్తెంత? అందులో ఉన్న వెలుగెంత? అక్కడ పైకప్పు మీద పెట్టింది మనం ఆరడుగుల స్టాండు మీద, సరిగ్గా మనిషి కంటికి ఎదురుగా పెడతాం. దాన్ని అదే టెక్నిక్ అనడం, మన బావి నీటిలో దూకి ఒలింపిక్ స్విమ్మింగ్ అన్నట్టుంటుంది.

ఇంకో సంగతి. బాస్కెట్‌బాల్‌లో చెల్లింది షటిల్‌లో చెల్లదు. షటిల్ ఆడేవాడు ప్రతి ర్యాలీలోనూ పైకే చూస్తాడు. లాబ్ లేచిందంటే వాడి కళ్ళు మీ లైటు ఉన్న చోటికే వెళ్తాయి. అందుకే అంతర్జాతీయ బాడ్మింటన్ మ్యాచుల్లో ఫ్లాష్ నిషిద్ధం. జిమ్నాస్టిక్స్‌లోనూ అంతే. ఆ నిషేధం పెట్టినవాళ్ళకి ఫొటోలంటే ఇష్టంలేక కాదు.

రెండోది: "వెయ్యోవంతు సెకను మెరుపుకి ఏమవుతుంది బాస్?"

ఇది నాకు చాలా ఇష్టమైన వాదన, ఎందుకంటే లెక్కతో కొట్టొచ్చు :)

మెరుపు వెయ్యోవంతు సెకనే, కానీ కంట్లో దాని మచ్చ కొన్ని సెకన్లు ఉంటుంది. మసక హాల్లో కనుపాప పెద్దదై ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ. అది ఒకటి. రెండోది, మీ మెరుపు అసలు వెయ్యోవంతు సెకనే అని ఎవరు చెప్పారు? మామూలు ఫ్లాష్‌ని ఫుల్ పవర్‌లో కొడితే అది వెలిగేది సుమారు సెకనులో 250వ వంతు. పదహారో వంతు పవర్‌కి తగ్గిస్తేనే కొన్నివేల వంతుకి దిగుతుంది. అప్పుడు వెలుగు చాలదు, ఇంకో రెండు ఫ్లాషులు కావాలి. కెమెరా సింక్ స్పీడు చూస్తే సాధారణంగా 200, 250 దగ్గర ఆగిపోతుంది. హాల్లో ఉన్న లైటు కూడా ఆ ఫొటోలోకి చొరబడుతుంది, చేతి చుట్టూ దయ్యంలాంటి నీడ వస్తుంది.

మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ 2023లో జపాన్‌లో కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు. అంటే రాకెట్ వదిలే క్షణంలో సెకనుకి 157 మీటర్లు. సెకనులో 250వ వంతులో ఆ షటిల్ 60 సెంటీమీటర్ల పైనే పోతుంది. వెయ్యోవంతులో కూడా 15 సెంటీమీటర్లు, అంటే దాని సొంత పొడవు కంటే ఎక్కువ. మీ ఫుల్ పవర్ మెరుపు దాన్ని ఆపలేదు. ఆపగలిగేది ఎదుటివాడి చూపుని మాత్రమే.

స్ట్రోబ్ గొప్పది కాదని నేననట్లేదు. ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఆయన 1930లలో దీన్ని ఒక దారికి తెచ్చాడు. యాపిల్ పండులోంచి తూటా దూసుకుపోయే 1964 నాటి ఫొటో మీరు చూసే ఉంటారు, అది ఆయనదే. టెన్నిస్, గోల్ఫ్ ఆడేవాళ్ళని కూడా తీశాడు. కానీ గమనించండి, ఆ ఫొటోల కోసమే వాళ్ళు వచ్చి ఆడారు. అక్కడ ఎవరి పతకమూ పందెంలో లేదు.

మూడోది, అన్నిటికంటే బలమైనది: "ఆ పిల్లలకి మంచి ఫొటో ఒక్కటీ ఉండదు. పేపర్లో మసక బొమ్మ వస్తుంది. నా ఫొటో వాళ్ళకే ఉపయోగం."

ఈ మాట నేనే అన్నాను. అందుకే దీని గురించి నాకు బాగా తెలుసు.

మా ఉత్తరాంధ్రకి బరువులెత్తడం కొత్త కాదు. కోడి రామ్మూర్తి నాయుడు మావాడు, శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130.. మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అయితే ఊరు ఊరంతా వెయిట్ లిఫ్టర్లే అన్నట్టుంటుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల విభాగంలో వెండి పతకం దక్కిన మత్స సంతోషిది ఆ ఊరే.

అందుకని కొన్నేళ్ళ క్రితం మావైపు ఒక హాల్లో ఆడపిల్లల పోటీ జరుగుతుంటే సెలవు పెట్టి మరీ వెళ్ళాను. రెండు ఫ్లాషులు, రెండు స్టాండ్లు. "మన పిల్లలకి మంచి ఫొటోలు తీసిపెడతా" అని నిర్వాహకులకి చెప్పాను. హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ బాబు కదా, కుర్చీ కూడా వేశారు. ఎవరూ వద్దనలేదు. లిఫ్టర్లని మాత్రం ఎవరూ అడగలేదు. నేను కూడా.

ఒక పిల్ల మూడో ప్రయత్నానికి వచ్చింది. క్లీన్ బాగా చేసింది, బారు భుజాల మీదకి వచ్చింది, లేచి నిలబడింది. నేను నొక్కాను. అర సెకను తర్వాత మళ్ళీ నొక్కాను. జెర్క్‌లో బారు ముందుకి జారి ధన్‌మని కింద పడింది. మూడు ప్రయత్నాలే ఎవరికైనా. అయిపోయింది. ఆ పిల్ల కిందకి చూసుకుంటూ వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు.

వాళ్ళ కోచ్ వచ్చాడు. పెద్దాయన. కోప్పడలేదు. "ఏటి బాబూ ఇది? గుంట బారు ఎత్తుతున్నప్పుడు కళ్ళల్లో మెరుపు కొడితే ఏటవుద్ది? ఏడాదంతా కష్టపడ్డాది బాబూ" అన్నాడు. నేను సారీ చెప్పాను. "సారీ నాకెందుకు బాబూ" అని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చూసుకున్నాను. మొదటి ఫ్రేములో పిల్ల కళ్ళు తెరిచి ఎదురుగా ఒక చోట నిలిపి ఉంది. లిఫ్టర్లు అలా ఒక బిందువుని పట్టుకుంటారు, బ్యాలెన్స్ కోసం. ఆ బిందువు పక్కనే నా ఫ్లాష్ ఉంది. రెండో ఫ్రేములో కళ్ళు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి, బారు ముందుకి వస్తోంది. చేతుల మీది తెల్ల పౌడర్ రేణువు రేణువు కనిపిస్తోంది. ఇప్పటిదాకా నేను తీసినవాటిలో అంత షార్ప్ ఫొటో ఇంకోటి లేదు.

నా ఫ్లాష్ వల్లే పడిందని నేను నిరూపించలేను. బలం పెట్టేటప్పుడు చాలామంది కళ్ళు మూసుకుంటారు. కాదని కూడా నిరూపించలేను. ఆ ఫొటో ఎక్కడా పెట్టలేదు, పెట్టను. ఒక్క విషయం చెప్తాను. సిడ్నీలో మల్లీశ్వరికీ బంగారానికీ మధ్య ఉన్నది రెండున్నర కిలోలు. ఈ ఆటలో రెండున్నర కిలోలంటే జీవితం. హాస్టల్ సీటు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, అన్నీ అందులోనే ఉంటాయి. దాని మీద నా సరదా ఎందుకు పెట్టాలి?

మన భాషలో చెప్తాను. మ్యాచ్ అంటే ప్రొడక్షన్. ప్రొడక్షన్‌లో ఎవడైనా తన ప్రయోగం చేస్తే మనం ఊరుకుంటామా? రాత్రి రెండింటికి కాల్ పెట్టి మరీ తిడతాం. మరి ఆ పిల్ల ప్రొడక్షన్‌లోకి మనం అడగకుండా ఎలా దూరుతున్నాం?

"మరి ఫొటో ఎలా తియ్యమంటావ్?" అంటారా? తీయొచ్చు. ఫ్లాష్ లేకుండానే.

మనం చదివే సలహాల్లో చాలావరకు 2006లో డేవిడ్ హాబీ అనే అమెరికన్ న్యూస్ ఫొటోగ్రాఫర్ స్ట్రోబిస్ట్ మొదలుపెట్టిన రోజుల నాటివి. అప్పట్లో మనలాంటివాళ్ళు కొనగలిగే నికాన్ డి70, కెనాన్ 350డి లాంటి వాటిలో ఐఎస్ఓ 1600 దాటి లేదు. మామూలు హాల్లో సుమారు 300 లక్సుల వెలుగుంటుందనుకోండి. ఎఫ్ 2.8 దగ్గర 1600 పెడితే షట్టర్ 250కి మించి రాదు. ఫ్లాష్ లేకపోతే మసకే. వాళ్ళకి వేరే దారి లేదు.

ఇప్పుడు అదే హాల్లో 6400 పెడితే షట్టర్ 1000 వస్తుంది. ఇవాళ్టి కెమెరాలకి 6400 ఒక లెక్కా? ఎఫ్ 1.8 ఉన్న 85 ఎంఎం లెన్సు ఉంటే 3200 లోపే సరిపోతుంది. గ్రెయిన్ వస్తే తగ్గించే సాఫ్ట్‌వేర్లు బోలెడు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, ఒక ఫ్రేము తెల్లగా ఒకటి పసుపుగా వస్తుంది.. దానికీ మందుంది. 2014లో వచ్చిన కెనాన్ 7డి మార్క్ 2 నుంచి యాంటీ ఫ్లికర్ అనేది చాలా కెమెరాల్లో ఉంది, వెలుగు ఎక్కువున్న క్షణం చూసి అదే షట్టర్ తెరుస్తుంది. పైగా ఫ్లాష్ లేకపోతే వరసగా పది ఫ్రేములు తీయొచ్చు, రీసైకిల్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

స్ట్రోబ్ వాడాలనే ఉబలాటం తీరకపోతే, ప్రాక్టీసుకి వెళ్ళండి. కోచ్‌ని అడగండి, ముఖ్యంగా ఆ పిల్లని అడగండి. తేలిక బరువు పెట్టించి, వెనక నుంచి ఒక లైటు వేసి, చేతులు చరిచినప్పుడు లేచే పౌడర్ తీయండి. పేపర్‌కి, స్పాన్సర్‌కి, ఇంట్లో గోడకి అంతకంటే మంచి ఫొటో మ్యాచ్‌లో దొరకదు. స్ట్రోబ్ చోటు అది.

ఇంకా మిగిలిన డబ్బుంటే ఒక మాట. మా ఊళ్ళ వైపు జిమ్ షెడ్డుల్లో రెండు ట్యూబులైట్ల కింద పిల్లలు బరువులెత్తుతుంటారు. పది మీటర్లు, ఆరు మీటర్ల షెడ్డులో నాలుగు 100 వాట్ల ఎల్ఈడీ హై బే లైట్లు పెడితే, గోడలు తినేసింది పోను, పైన చెప్పిన 300 లక్సులు వచ్చేస్తాయి. మనం భుజాన మోసుకు తిరిగే స్ట్రోబ్ సెట్టు ధర చూసి, ఆ నాలుగు లైట్ల ధర చూడండి. మీరే సిగ్గుపడతారు. నేను పడ్డాను. మన స్ట్రోబ్ వెలిగేది మన ఫొటో కోసం, సెకనులో ఏ వెయ్యోవంతో. ఆ లైటు వెలిగేది వాళ్ళ కోసం, రోజుకి నాలుగు గంటలు. ఆ వెలుగులో ఫొటో మనకి ఊరికే వస్తుంది.

నా రెండు ఫ్లాషుల్లో ఒకటి అమ్మేశాను. రెండోది ప్రాక్టీసు రోజులకి ఉంచుకున్నాను. మ్యాచ్‌కి వెళ్ళేటప్పుడు అది ఇంట్లోనే ఉంటుంది.

మీలో ఎవరైనా లిఫ్టర్లు, షటిల్ ఆడినవాళ్ళు ఉంటే మీ అనుభవం చెప్పండి. ఫొటోగ్రాఫర్ మిత్రులు తిట్టాలనుకుంటే తిట్టండి, పడతాను. కానీ తిట్టేముందు ఒక పని చెయ్యండి. చీకటి గదిలో మీ ఫ్లాష్‌ని మీ కళ్ళకే గురిపెట్టి ఒకసారి కొట్టుకుని, వెంటనే ఒంటికాలి మీద నిలబడి చూడండి. నెత్తి మీద బరువేమీ అక్కర్లేదు లెండి, ఊరికే నిలబడండి చాలు.