నల్లకోటుకూ లెక్క ఉండాలి

కూలికి ఆలస్యంగా వస్తే మేస్త్రి సగం పూట కూలి కోస్తాడు. అయ్యవారు బడికి రాకపోతే మెమో వస్తుంది. రేషన్ బియ్యం తక్కువ తూస్తే డీలరు మీద తహసీల్దారుకు అర్జీ పెడతాం. మరి వాయిదాకు రాని వకీలు మీద, పరిహారంలో వాటా అడిగే వకీలు మీద, కాగితాలు తిరిగివ్వని వకీలు మీద ఎవరికి చెప్పుకోవాలి? మన తండాల్లో డిగ్రీ చదివినవాళ్ళు కూడా ఈ ప్రశ్నకు తడుముకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు. చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు.

బత్తలపల్లె చుట్టూ ఉన్నది వానను నమ్ముకున్న నేల. శెనక్కాయ పంట పోయిన ఏడు మనవాళ్ళు బెంగుళూరు పనులకు పోతారు. దారిలో ప్రమాదం జరిగితే కోర్టు. ఊళ్ళో డీకేటీ భూమిని ఇంకొకడు దున్నుకుంటే కోర్టు. ఏజెన్సీలో ఉన్న 1/70 చట్టం మనకు లేదు, ఎందుకంటే అనంతపురం సీమలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. మనకున్నవి 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. వాటిని కోర్టులో పలికించేది వకీలే. అతను చెయ్యి వదిలేస్తే భూమి పోయినట్టే.

వకీలును అడిగే చట్టం లేదా అంటే, ఉంది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు. అందులో పస ఉందని తోస్తే కౌన్సిల్ దాన్ని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. సాక్షులను పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి ఆ కమిటీకి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. తప్పు రుజువైతే మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, వకీళ్ళ జాబితా నుంచి పేరే కొట్టేయవచ్చు.

కేసు ఓడిపోవడం తప్పు కాదు. కానీ గెలిచిన సొమ్ములో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం తప్పు. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక తెలంగాణ మహిళ వకీలుకు 10 లక్షలు ఇచ్చింది. మరో 3 లక్షల చెక్కు చెల్లలేదని ఆయన ఆమె మీదే కేసు పెట్టాడు. 2017 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టివేసి, శాతం లెక్కన ఫీజు అడగడం వృత్తి దోషమని చెప్పింది. ఫీజు బాకీ ఉందని కాగితాల కట్టను బిగపట్టుకోవడమూ దోషమేనని 2000లోనే తేల్చింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మనకెందుకు అందదు? ఆ ముగ్గురూ వకీళ్ళే కాబట్టి. ఇద్దరు వకీళ్ళ ఓట్లతో గెలిచిన కౌన్సిల్ సభ్యులు, ఒకరు వాళ్ళు చేర్చుకున్న సీనియర్ వకీలు. రేపు ఎవరి ఓటు అడగాలో వాళ్ళ తప్పునే ఈరోజు విచారించాలి. మన తండాలో నాయక్, కార్భారి పంచాయితీ చేస్తే అందరి ముందూ చేస్తారు.

ఫిర్యాదును ఏడాదిలో తేల్చాలి. తేల్చకపోతే అది ఢిల్లీలోని భారత బార్ కౌన్సిల్‌కు పోతుంది. ఆలస్యం చేసేది కౌన్సిల్, దూరం నడిచేది మనం! ఈ జాప్యాన్ని సుప్రీంకోర్టే 2021 డిసెంబర్‌లో తప్పుపట్టింది. ధర్మవరం వాయిదాకే ఒకరోజు కూలి పోగొట్టుకునేవాళ్ళం ఢిల్లీకి ఎలా పోతాం? పైగా వకీళ్ళ సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న తీర్పు వచ్చింది. జిల్లాలో ఉన్న ఆ తలుపూ మూసుకుంది.

ప్రభుత్వ పెత్తనం వస్తే మీ తరఫున పోలీసులను ఎవరు నిలదీస్తారని వకీళ్ళు అడుగుతారు. నిజమే. నేరస్థ జాతుల చట్టం పెట్టిన ముద్రను ఎరుకలవాళ్ళు ఇంకా మోస్తూనే ఉన్నారు. భయంలేని వకీలు మనకే ఎక్కువ అవసరం. కానీ వకీలు స్వేచ్ఛ సర్కారు నుంచి కావాలి, కక్షిదారుకు లెక్క చెప్పడం నుంచి కాదు. ఇంగ్లండులో సొలిసిటర్లను విచారించే ట్రిబ్యునల్‌లో న్యాయవాదులు కాని సభ్యులూ కూర్చుంటారు. అక్కడ వకీళ్ళ స్వేచ్ఛకేమీ భంగం రాలేదు.

మేము అడిగేవి మూడు. చట్టం సవరించి, కమిటీలో వకీలు కాని ఒకరిని కూర్చోబెట్టండి. విచారణ జిల్లా కేంద్రంలో జరపండి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని తేలాయో ప్రతి ఏడూ కోర్టు గోడకు అంటించండి.

అవి వచ్చేదాకా ఊరుకోవద్దు. ఫిర్యాదు తెలుగులోనే రాయవచ్చు, నియమాలు ఒప్పుకుంటాయి. సంతకం, రాసినదంతా నిజమనే ధ్రువీకరణ, నిర్ణీత రుసుము ఉంటే చాలు. ఇరువైపులా రాజీ అయ్యిందనే సాకుతో కౌన్సిల్ దాన్ని మూసేయకూడదు. అయ్యవార్లారా, పిల్లలకు సెలవు చీటీ రాయడం నేర్పుతారు కదా, ఈ అర్జీ రాయడమూ నేర్పండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఫీజు ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడగండి. వకాలత్తు మీద అవ్వ వేలిముద్ర వేసేముందు చదివి వినిపించండి. తెల్లకాగితం మీద మాత్రం వేయనివ్వకండి. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేయండి. ఆ వకీలు డబ్బు అడిగితే, మొదటి అర్జీ అక్కడే రాయండి.