లైసెన్సు వంటకా, పేరుకా?

హోటలు పెట్టాలంటే ఎన్ని కాగితాలు కావాలో లెక్క చూడండి. షాపు కిరాయి అగ్రిమెంటు, మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, ఆహార భద్రతా లైసెన్సు, కార్మిక శాఖలో రిజిస్ట్రేషన్. బేరం పెరిగితే జీఎస్టీ నంబరు, భవనాన్ని బట్టి ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ. చాయ్ బండివాడికి కూడా ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. వీటిలో ఏ లైసెన్సు ఇవ్వడానికీ మతంతో పనిలేదు. నీళ్లు మంచివేనా, పొగ ఎటు పోతుంది, మంట లేస్తే జనం ఎటు పరిగెత్తాలి – చట్టం అడగాల్సినవి ఇవే.

ఈ ప్రశ్నలకు మేం జవాబు చెప్తాం. వంటగది మురికిగా ఉంటే తాళం వేయండి. సాయిబు హోటలని చూసీచూడనట్టు వదిలేయమని మేమెప్పుడూ అడగలేదు.

కానీ ఈ కాగితాలన్నీ గోడకు తగిలించాక కూడా మాకు ఇంకో లైసెన్సు కావాలంటున్నారు. అది ఏ ఆఫీసులోనూ దొరకదు.

2024 జూలైలో ముజఫర్‌నగర్ పోలీసులు కన్వర్ యాత్ర దారిలోని హోటళ్లు, బండ్ల మీద యజమానుల పేర్లు రాయమన్నారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం దాన్ని యాత్రదారి మొత్తానికి పాకించింది. జూలై 22న సుప్రీంకోర్టు ఆపింది. ఏం వండుతున్నారో చెప్పమనొచ్చు గానీ ఎవరి హోటలో పేరు రాయమని బలవంతం చేయొద్దంది. మరుసటి ఏడు క్యూఆర్ కోడ్ వచ్చింది. 2025 జూలై 22న అదే కోర్టు, ఆ గొడవలోకి పోకుండా, చట్టప్రకారం లైసెన్సు, రిజిస్ట్రేషన్ పత్రాలు ప్రదర్శించమంది. ఆ పత్రం మీద పేరుంటుంది. బోర్డు మీద రాయించలేకపోయిన పేరును ఇక లైసెన్సులో చదువుకుంటారు.

పేరు చెప్తే తప్పేంటని అడిగేవాళ్లున్నారు. పేరు చెప్పుకోవడానికి మాకు సిగ్గులేదు. లైసెన్సు గోడ మీద ఎందుకుండాలి? తిన్నాక కడుపులో తేడా వస్తే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలియడానికి. దానికి 14 అంకెల నంబరు చాలు. తినకముందే పేరు చదివి లేచిపోవడానికి కాదు. సొంత పేరు పెట్టుకుంటే బేరం ఉండదు, అందరి పేరు పెట్టుకుంటే మోసం అంటారు. మరి ఏ పేరుతో బతకాలి?

ఎవరు వండారన్న ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు. బ్రాహ్మణ భోజన హోటలన్న బోర్డు వెనక ఉన్నది అదే. ఊరి చాయ్ హోటల్లో రెండు గ్లాసుల వెనక ఉన్నదీ అదే. మాల మాదిగల గ్లాసు వేరు పెట్టిన చెయ్యే ఇవాళ మా పేరు వెతుకుతోంది. రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ల మాట విడిగా రాశారు – మతం పేరుతో, కులం పేరుతో ఎవర్నీ అక్కడ అడ్డుకోవద్దని. 19వ అధికరణం వ్యాపారం చేసుకునే హక్కు ఇచ్చింది. రెండూ కలిపి చదవండి. తినేవాడి కులం అడగకూడని చోట వండేవాడి మతం అడగొచ్చా?

ఇదంతా ఉత్తరాది గొడవ అనుకునే తెలుగు సెక్యులర్ మిత్రులారా, మీతోనూ మాటుంది. 2010లో హైదరాబాద్ హలీంకు జీఐ గుర్తింపు వస్తే అది మన నగరం గొప్ప అన్నారు. సంతోషం. ఆ హలీం వండేవాడు మీ కాలనీలో షాపు కిరాయికి అడిగితే 'మా ఇంట్లో వాళ్లు ఒప్పుకోరండీ' అన్నదెవరు? కిరాయి అగ్రిమెంటు లేనిదే ట్రేడ్ లైసెన్సు రాదు. అంటే మొదటి కాగితం దగ్గరే మా దారి మూసేస్తున్నారు. ఆఫీసరు కాదంటే కారణం రాయమనొచ్చు, అప్పీలుకు పోవచ్చు. ఓనరు కాదన్నదానికి కాగితమే ఉండదు. ముజఫర్‌నగర్‌లో పోలీసు లాఠీతో అడిగింది, ఇక్కడ మర్యాదగా 'మీ పేరేంటండీ' అని అడుగుతున్నారు.

మా బిర్యానీని మెచ్చుకోవడం సెక్యులరిజం కాదు. మాకు షాపు ఇవ్వండి. మా పేరు విన్నాక కూడా ఇవ్వండి.

చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడండి. ఎవరి చేతులని చూడకండి. వంటకు లైసెన్సు అడగండి, తెచ్చుకుంటాం. మా పేర్లు అమ్మీ అబ్బా పెట్టినవి. వాటికి ఎవరి దగ్గరా లైసెన్సు తీసుకోం.